ఫోన్‌లో నిఘా యాప్ ఉందనిపిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

అనుమానం ఇంట్లోవాళ్ల మీదే అయితే దొరికిన యాప్‌ను ఆ క్షణమే తీసెయ్యకండి. తీయగానే అవతలివాళ్లకి సమాచారం ఆగిపోతుంది, మీరు కనిపెట్టేశారని తెలిసిపోతుంది. చెయ్యి చేసుకునే మనిషైతే ముందు మీ జాగ్రత్త చూసుకోండి. వేరే ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181 కి లేదా అత్యవసర నంబరు 112 కి చేయండి. ఇది చదవడం కూడా వేరే ఫోన్‌లో అయితేనే మంచిది.

లక్షణం: వాట్సాప్‌లో రాసినవి మాత్రమే బయటికి పొక్కుతున్నాయి

చాలాసార్లు ఇక్కడ స్పైవేర్ (దొంగచాటుగా నిఘా పెట్టే యాప్) ఏమీ ఉండదు. మీ ఫోన్ ఒక్క నిమిషం చేతికి చిక్కితే చాలు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మీ వాట్సాప్‌ని తమ కంప్యూటర్‌లో తెరిచేసుకుంటారు. సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైజెస్ చూడండి. మీది కానిది కనిపిస్తే ఫొటో తీసుకుని లాగౌట్ చేయండి. తర్వాత ఫోన్ లాక్ పిన్ మార్చండి. లేకపోతే రేపు మళ్లీ అదే పని జరుగుతుంది.

లక్షణం: మెసేజ్‌లే కాదు, ఎక్కడున్నారో, ఎవరితో మాట్లాడారో కూడా తెలిసిపోతోంది (ఆండ్రాయిడ్)

లొకేషన్ ఒక్కటే తెలుస్తోందంటే ముందు గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అన్నీ తెలుస్తున్నాయంటే స్టాకర్‌వేర్, అంటే తెలిసినవాళ్లే దొంగచాటుగా ఎక్కించే నిఘా యాప్, అయ్యుండొచ్చు. దూరం నుంచి లింకు పంపి ఎక్కించే రకం కాదిది. మీ లాక్ తెలిసిన మనిషి ఫోన్ చేతిలో పెట్టుకుని, హానికరమైన యాప్‌లను పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ని ఆపి, ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైల్) ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చి, ఐకాన్ దాచేస్తాడు.

ఐకాన్ దాగినా అనుమతులు దాగవు, కాబట్టి వెతకాల్సింది వాటినే. కంపెనీని బట్టి మెనూలు మారతాయి గనుక సెట్టింగ్స్‌లోని సెర్చ్ పెట్టెలో పేరు టైప్ చేయడం తేలిక. ‘డివైజ్ అడ్మిన్ యాప్స్’, ‘యాక్సెసిబిలిటీ’, ‘నోటిఫికేషన్ యాక్సెస్’, ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’: ఈ నాలుగూ తెరవండి. ‘సిస్టమ్ సర్వీస్’, ‘సింక్’ లాంటి అమాయకపు పేరుతో మీరు ఎక్కించని యాప్‌కి యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ రెండూ ఇచ్చి ఉంటే అనుమానించాల్సిందే. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ ఆగి ఉండడం ఇంకో గుర్తు.

తీసే ముందు ఆ పేజీలన్నిటినీ వేరే ఫోన్‌తో ఫొటో తీయండి. స్క్రీన్‌షాట్ వద్దు, అది కూడా అవతలికి చేరొచ్చు. ఫిర్యాదుకి ఆ ఫొటోలే ఆధారం. అనుమతి లేకుండా ఇలా ఎక్కించడం ఐటీ చట్టం సెక్షన్ 66 కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడు పడకపోతే కారణం ఆ యాప్‌కి ఇచ్చి ఉన్న డివైజ్ అడ్మిన్ అనుమతి. ముందు అక్కడ టిక్ తీసేసి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. సెట్టింగ్స్ తెరవగానే దానంతటదే మూసుకుపోతుంటే యాప్ అడ్డుపడుతోందన్నమాట. సేఫ్ మోడ్‌లో ఫోన్ ఆన్ చేస్తే బయటి యాప్‌లు నడవవు, అప్పుడు తీయొచ్చు. చివరగా ప్లే ప్రొటెక్ట్ ఆన్ చేసి స్కాన్ చేయండి. ఇంకా నమ్మకం కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, కానీ పాత బ్యాకప్ నుంచి యాప్‌లను తెచ్చుకోవద్దు.

యాప్ పోయినా ఇప్పటిదాకా వెళ్లిన ఫొటోలు, మెసేజ్‌లు ఆ యాప్ కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. ‘పిల్లల భద్రత’ పేరు చెప్పి నెలనెలా చందా గుంజే ఈ కంపెనీలకి దాచుకోవడం చేతకాదు. ఎంస్పై ఖాతాదారుల వివరాలు ఒకటికి రెండుసార్లు బయటపడ్డాయి. పీసీటాటిల్‌టేల్ 2024లో హ్యాక్ అయి మూతపడింది. స్పైఫోన్‌ని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో నిఘా వ్యాపారం నుంచే వెలివేసింది. అందుకే ఆ ఫోన్‌లో టైప్ చేసిన ప్రతి పాస్‌వర్డూ బయటపడిందనే లెక్క వేసుకుని, జీమెయిల్‌తో మొదలుపెట్టి అన్నీ వేరే ఫోన్ నుంచి మార్చండి.

ఐఫోన్‌లో అయితే

చాలాసార్లు ఫోన్‌లో యాప్ అంటూ ఉండదు. యాపిల్ ఖాతా పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఐక్లౌడ్ బ్యాకప్‌నే చదువుతారు. సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కి, కిందున్న డివైజ్‌లలో తెలియనివి తీసేసి, పాస్‌వర్డ్ మార్చండి. ఐఓఎస్ 16 నుంచి ఉన్న ‘సేఫ్టీ చెక్’తో షేరింగ్‌లన్నీ ఒకేచోట ఆపొచ్చు.

లక్షణం: పెళ్లి శుభలేఖో చలానో అంటూ వచ్చిన ఫైల్ నొక్కాక ఖాతాలో డబ్బు పోతోంది

శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ ఏపీకేగా రాదు. ఆ ఏపీకేతో ఎక్కిన యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలను దొంగలకు పంపుతుంది. వెంటనే ఫ్లైట్ మోడ్ వేసి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు వేరే ఖాతాల్లోకి పాకిపోతుంది. యాప్‌ని పై పద్ధతిలోనే తీసి, కాల్ ఫార్వర్డింగ్ కూడా ఆన్‌లో ఉందేమో చూడండి.

లక్షణం: బ్యాటరీ దిగిపోతోంది, ఫోన్ వేడెక్కుతోంది

ఎక్కువసార్లు ముసలి బ్యాటరీ, లేదంటే సిగ్నల్ సరిగా లేకపోవడం. బ్యాటరీ వాడకం పేజీలో తెలియని పేరేదీ లేకపోతే వదిలేయండి.

లక్షణం: ప్రభుత్వ స్థాయి దాడి అంటూ యాపిల్ నుంచి హెచ్చరిక

నిజమైన హెచ్చరిక యాపిల్ ఖాతా వెబ్‌సైట్‌లో లాగిన్ కాగానే పైనే కనిపిస్తుంది. లింకు నొక్కమనదు, పాస్‌వర్డ్ అడగదు. అడిగిందంటే దొంగదే.

ఇలాంటి దాడికి వాడేది పెగాసస్ లాంటి ఖరీదైన స్పైవేర్. పెగాసస్ తయారీదారు, ఇజ్రాయెల్‌కి చెందిన ఎన్ఎస్ఓ గ్రూప్, ప్రభుత్వాలకే అమ్ముతామంటుంది. 2019లో దాదాపు 1,400 మంది వాట్సాప్ వాడకందార్ల మీద దాన్ని ప్రయోగించినందుకు వాట్సాప్ వేసిన కేసులో 2025 మే నెలలో అమెరికా జ్యూరీ ఎన్ఎస్ఓని దాదాపు 16.8 కోట్ల డాలర్లు కట్టమంది. తర్వాత జడ్జి దాన్ని 40 లక్షలకు తగ్గించి, వాట్సాప్ జోలికి రావద్దని ఆదేశించారు. మన దగ్గర సుప్రీంకోర్టు కమిటీ పరీక్షించిన 29 ఫోన్లలో 5 ఫోన్లలో ఏదో మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) దొరికింది కానీ అది పెగాససేనని తేలలేదు. ఆనవాళ్లు పట్టుకోవడం అంత కష్టం.

అందుకే ఇక్కడ మాత్రం కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకండి, ఉన్న ఆనవాళ్లూ చెరిగిపోతాయి. ముందు కంప్యూటర్‌లోకి ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ తీసుకోండి. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఉచితంగా ఇచ్చే ఎంవీటీ అనే సాఫ్ట్‌వేర్ స్పైవేర్ ఆనవాళ్లు వెతికేది అందులోనే. మీరే నడపలేకపోతే జర్నలిస్టులు, కార్యకర్తల కోసం యాక్సెస్ నౌ అనే డిజిటల్ హక్కుల సంస్థ నడిపే హెల్ప్‌లైన్‌కి రాయండి. ఆ తర్వాత ఐఓఎస్ అప్‌డేట్ చేసి, ఇలాంటి దాడులకు దారులు మూసే లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేయండి. దాంతో కొన్ని వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు, తెలియనివాళ్ల ఫేస్‌టైమ్ కాల్స్ రావు. ఫోన్ పాడైందనుకుని దాన్ని మళ్లీ ఆపెయ్యకండి.