ఫిబ్రవరి 14కి ఒక్క మూల చాలు

పెళ్లయ్యాక వచ్చిన మొదటి ప్రేమికుల రోజుకి హాలంతా ఎర్ర బెలూన్లు కట్టాను. ఊదీ ఊదీ దవడలు పీకాయి. సాయంత్రం మా ఆయన లోపలికి అడుగుపెట్టి, "ఎవరి పుట్టినరోజు?" అన్నాడు. మర్నాడు టేపు పీకితే గోడ రంగు కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఆ మచ్చల మీద క్యాలెండర్ తగిలించి చాలాకాలం నెట్టుకొచ్చాం.

అప్పటినుంచి ఇల్లంతా అలంకరించే పని పెట్టుకోవడం లేదు. ఇద్దరం కూర్చునే చోటు ఒకటి చూసుకుంటాను. మాకది కిటికీ పక్కనున్న చిన్న బల్ల. ముందు దాని మీదున్నవి తీసేయాలి: ఛార్జర్లు, బిల్లులు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి. అన్నీ ఒక బుట్టలో పడేసి మంచం కిందికి తోసేస్తాను. సగం అలంకరణ అక్కడే అయిపోతుంది.

తర్వాత వెలుతురు. నా లెక్కలో పువ్వుల కంటే ఇదే ముఖ్యం. ట్యూబ్‌లైటు తెల్లటి వెలుగులో ఎంత మంచి ఎర్ర గుడ్డయినా కళ తప్పి కనిపిస్తుంది. దాన్ని ఆపేసి టేబుల్ ల్యాంపు వెలిగించండి. బల్బు పెట్టె మీద 2700కె అని ఉంటే అది పసుపు కలిసిన వెచ్చటి వెలుగు. 6500కె అయితే నీలం కలిసిన తెలుపు, అది చదువుకునే గదికి ఉంచండి. ల్యాంపు నడినెత్తి మీద కాకుండా పక్కన, కూర్చున్నప్పుడు ముఖం ఎత్తులో ఉంటే కళ్ల కింద నీడలు పడవు. రంగు కోసం ల్యాంపు మీద చున్నీ మాత్రం కప్పకండి, వేడికి అంటుకోవచ్చు. ఎర్రదనమే కావాలంటే చున్నీని బల్ల మీద పరవండి. మిగిలిన సీరియల్ లైట్లు ఉంటే ఖాళీ గాజు సీసాలో పడేయండి, చాలు.

కొవ్వొత్తి పెడితే వెలిగించే ముందు వత్తిని పావు అంగుళం ఉంచి కత్తిరించండి. పొడవుగా వదిలేస్తే మంట ఎగిరి మసి పడుతుంది. లావుపాటిదైతే మొదటిసారి మైనం అంచుదాకా కరిగేవరకు ఆర్పొద్దు. లేదంటే ఆ తర్వాత మధ్యలోనే గుంటలా దిగిపోతుంది. కర్టెన్‌కి కనీసం ఒక అడుగు దూరం ఉండాలి. గులాబీలు పెట్టిన చోట సెంటు కొవ్వొత్తి ఎందుకో నాకు అర్థం కాదు. రెండు వాసనలూ కలిసి తలనొప్పి.

గులాబీలు ఐదు చాలు. కాడ చివర ఏటవాలుగా కోసి వెంటనే నీళ్లలో పెట్టాలి. నీళ్లలో మునిగే ఆకులు తుంచేయాలి, అవి కుళ్లితే పువ్వు త్వరగా వాడిపోతుంది. పండ్ల బుట్ట పక్కన అస్సలు పెట్టొద్దు. మగ్గే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి రేకులు ముందే రాలిపోతాయి. కాడ విరిగిన పువ్వుంటే పారేయకండి, వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి తేలనివ్వండి. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

చివరగా కాగితం హృదయాలు. కాగితాన్ని నిలువుగా మడిచి, మడత వైపు నుంచి సగం గుండె గీసి కత్తిరిస్తే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. దారానికి గుచ్చి కర్టెన్ రాడ్‌కి కట్టండి. గోడ జోలికి వెళ్లొద్దు, టేపు సంగతి చెప్పాను కదా. ఉత్త గుండెలు వేలాడదీస్తే బొమ్మల కొట్టులా ఉంటుంది, అందుకే ఒక్కోదాని మీద మా ఇద్దరికే తెలిసిన మాట ఒకటి రాస్తాను. పోయినేడు ఒకదాని మీద "నువ్వు నా గొడుగు పోగొట్టిన రోజు" అని రాశాను. పొద్దున్నే లేచి చూస్తే దాన్ని వెనక్కి తిప్పి ఆయన రాత: "పోగొట్టింది నేను కాదు."

ఆ కాగితం ఇంకా రాడ్‌కే ఉంది. గొడుగు సంగతి ఇంకా తేలలేదు.