మంత్రిని ఎరవేసి మేట్ చేయడం ఎలా? లెగాల్ ఉచ్చు సరిగ్గా పన్నే పద్ధతి

చదరంగంలో తెల్ల పావులు మీవి. బోర్డు మీదైనా ఫోన్‌లోనైనా ఒకటే, కానీ కనీసం పది నిమిషాల ఆట ఉండాలి. నిమిషం ఆటల్లో ఈ పని పెట్టుకోకండి.

గళ్ల పేర్లు అడ్డంగా ఏ నుంచి హెచ్ వరకు, నిలువుగా 1 నుంచి 8 వరకు. మొదట రాజు ముందు బంటు ఈ4కి, గుర్రం ఎఫ్3కి, శకటు (కొందరు బిషప్ అంటారు) సి4కి, రెండో గుర్రం సి3కి. అవతలివాడు ఈ5, డి6లలో బంట్లు పెట్టి, శకటును జి4కి తెచ్చి మీ ఎఫ్3 గుర్రాన్ని పిన్ చేస్తేనే (అంటే అది లేస్తే వెనకున్న మంత్రి పోయేలా కట్టేస్తేనే) ఉచ్చు. తేలేదా, మామూలుగా ఆడుకోండి.

ఇక అసలు ఎత్తు. పిన్ అయిన గుర్రమే లేచి ఈ5 బంటును తింటుంది. ఆశపడి అతని శకటు డి1లో మీ మంత్రిని తింటే, మీ శకటు ఎఫ్7 బంటును తిని చెక్ చెబుతుంది. రాజుకు ఈ7 ఒక్కటే దారి. సి3 గుర్రం డి5కి దూకుతుంది. మేట్. 18వ శతాబ్దంలో పారిస్‌లో ఆడిన లెగాల్, అంటే ఆ కాలపు పేరున్న ఆటగాడు ఫిలిడోర్ గురువు, పేరు మీద ఉన్న ఉచ్చు ఇదే.

వీడియోలో ఇంతవరకు చూసి వచ్చి మంత్రిని ఊరికే పోగొట్టుకునేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. గుర్రం మీద చెయ్యి వేసే ముందు రెండు గళ్లు చూడండి.

ఒకటి, ఎఫ్6. అక్కడ నల్ల గుర్రం ఉంటే డి5కి దూకిన మీ గుర్రాన్ని అది తినేస్తుంది. మేట్ లేదు, మంత్రీ లేదు. ఆ ఆలోచన మానేయండి.

రెండు, సి6. అక్కడ నల్ల గుర్రం ఉన్నా, ఆశపోతు మంత్రిని తింటే మేట్ పడుతుంది. తెలివైనవాడు మంత్రి జోలికి రాడు, ఆ గుర్రంతో ఈ5లోని మీ గుర్రాన్ని తింటాడు. పైగా అదే గుర్రం జి4 శకటుకు కాపలా. బంటు కోసం గుర్రాన్ని ఇచ్చుకున్నట్టే. నేనూ ఒక టోర్నమెంట్‌లో ఇలాగే ఇచ్చుకున్నాను, తర్వాత గంటసేపు బోర్డు ముందు తల పట్టుకుని కూర్చున్నాను.

అందుకే సి6లో గుర్రం ఉంటే, ముందు హెచ్3కి బంటు తొయ్యకుండా ఈ ఉచ్చు పన్నకూడదు. శకటు హెచ్5కి తగ్గితే లెక్క మారుతుంది: మీరు ఈ5 తిన్నారు, అతను సి6 గుర్రంతో తిన్నాడు, మీ మంత్రి కాపలా లేని హెచ్5 శకటును తింటుంది. అతను అదే గుర్రంతో సి4లో మీ శకటును తింటే కంగారు పడకండి. మంత్రి బి5కి వెళ్లి చెక్, తర్వాతి ఎత్తులో ఆ గుర్రం మీదే. బంటు లాభం. అదే అతను హెచ్3 చూడగానే శకటుతో ఎఫ్3 గుర్రాన్ని తిన్నాడనుకోండి, మంత్రితో తిరిగి తినండి. ఉచ్చు పోయినా రెండు శకట్లూ మీకే ఉంటాయి.

నాలుగెత్తుల మేట్ కంటే ఇది ఎందుకు మేలంటే, అందులో మొదట్లోనే మంత్రిని బయటికి తెచ్చి అవతలి పావులతో తరిమించుకుంటారు. ఇందులో మీ పావులన్నీ ఎలాగూ రావలసిన చోటికే వస్తాయి.

సి6 ఖాళీగా ఉన్నప్పుడు అతను మంత్రిని వదిలి, డి6 బంటుతో ఈ5 గుర్రాన్ని తింటే? శకటు జి4లో ఉన్నా హెచ్5లో ఉన్నా మంత్రితో తినేయండి. అక్కడా బంటు మీకే మిగులుతుంది.