ఎంబ్రియో ఫ్రీజింగ్ ఫారం మీద సంతకం పెట్టే ముందు

2022 మార్చిలో, మా ఐవీఎఫ్‌లో ఎగ్ పికప్ (అండాలు బయటికి తీసే) రోజు పొద్దున్న గౌను వేసుకుని కూర్చున్నాక నా చేతిలో పదకొండు పేజీల కన్సెంట్ ఫారం పెట్టారు. పెన్ను మూత తీసి పట్టుకుని నర్సు పక్కనే నిలబడింది. ఎనిమిదో పేజీలో ఒక ప్రశ్న: దంపతుల్లో ఒకరు చనిపోతే, ఫ్రీజ్ చేసి దాచిన ఎంబ్రియోలను (ల్యాబులో అండం, వీర్యకణం కలిసి ఏర్పడిన తొలిదశ పిండాలను) ఏం చేయాలి? ఏదో ఒక గడిలో టిక్కు పెట్టేశాం. ఏ గడో సాయంత్రానికి ఇద్దరికీ గుర్తులేదు.

మీరు అలా చేయకండి. ఇంజెక్షన్లు మొదలయ్యే రోజే ఫారం అడిగి ఇంటికి తెచ్చుకోండి. 'అప్పుడే ఎందుకమ్మా' అంటారు. అయినా అడగండి. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల చట్టం) ప్రకారం మీ రాతపూర్వక సమ్మతి లేకుండా ఎంబ్రియోలు ఫ్రీజ్ చేయకూడదు. ఒకరు పోయినా, చెప్పలేని స్థితిలో పడ్డా వాటిని ఏం చేయాలో మీరే ముందుగా రాసివ్వాలి. గర్భసంచిలో పెట్టేలోపు సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది.

తర్వాత రెండు జిరాక్సులు తీయించి, చెరొకటీ వేరే గదుల్లో కూర్చుని పెన్సిల్‌తో నింపండి. మేం ఈ పని పాప పుట్టాక, మూడు ఎంబ్రియోలు మిగిలినప్పుడు చేశాం. మా ఆయన 'పరిశోధనకు ఇవ్వాలి' అని రాశారు, నేను 'వదిలేయాలి', అంటే నశించిపోనివ్వాలి అని రాశాను. ఆరేళ్ల కాపురంలో ఈ ఊసే ఎప్పుడూ రాలేదు.

'ఇంతకీ వాటికి ప్రాణం ఉన్నట్టా, లేనట్టా?' అని మా అత్తగారు అడిగారు. పిండం అన్న మాట ఆవిడ నోట రాదు. ఆ మాట వింటే తద్దినమే గుర్తొస్తుందట. ఎంబ్రియాలజిస్టు (ల్యాబులో ఎంబ్రియోలను చూసే నిపుణురాలు) నాకు స్క్రీన్ మీద చూపించింది ఐదో రోజు ఎంబ్రియో, దాన్ని బ్లాస్టోసిస్ట్ అంటారు. నీటిబుడగలా ఉంది, లోపల ఒక పక్కన చిన్న ముద్ద. బిడ్డయ్యేది ఆ ముద్దే, చుట్టూ ఉన్న పొర మాయగా (ప్లాసెంటాగా) తయారవుతుంది. గుండె లేదు, నరం లేదు. అయినా నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తగారి ప్రశ్నకు చట్టంలో జవాబు వెతక్కండి, దొరకదు. మీ సమ్మతితో వదిలేయనిస్తుంది కాబట్టి మనిషిగా లెక్కేయడం లేదు. అలాగని మీ సొత్తూ కాదు, అమ్మితే నేరం. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పదేళ్లకు మించి ఉంచకూడదు. ఆపైన దారులు రెండే: వదిలేయడం, లేదా మీ సమ్మతితో చట్టం కింద నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వడం.

పరిశోధన అనగానే మా ఆడపడుచు 'క్లోన్ చేసేస్తారేమో వదినా!' అంది. డాలీ గొర్రెపిల్ల పుట్టి పాతికేళ్లు దాటినా ఆ భయం పోలేదు. మనిషిని క్లోన్ చేయడాన్ని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు నిషేధించాయి. ల్యాబులో పిండాన్ని 14 రోజులకు మించి పెంచకూడదు. వెన్ను రూపుకట్టబోయే తొలి గీత అంతకుముందే కనబడితే అక్కడితోనే ఆపేయాలి. పరిశోధన కోసం విదేశాలకు పంపడానికీ వీల్లేదు. మీరే అమెరికా వెళ్లిపోయి అక్కడ వాడుకోవాలనుకుంటే మాత్రం ఏఆర్‌టీ చట్టం కింద ఉన్న నేషనల్ బోర్డు అనుమతి కావాలి. వీసా పనుల్లో ఉన్నవాళ్లు ఇది ముందే చూసుకోండి.

చివరగా, సంతకం పెట్టిన ఫారం కాపీ అడిగి తీసుకోండి. ఫ్రీజ్ చేసిన తేదీ, ఎన్ని ఎంబ్రియోలు, ఏ గ్రేడు (నాణ్యత) అన్నవి దాని మీదే రాయించుకోండి. ఫోన్ నంబరు మారితే వెంటనే చెప్పండి. ఎంబ్రియోలు దాచి ఉంచే ఫీజు రెన్యువల్ చేయమనే మెసేజీలు మాకు నాలుగు నెలలపాటు పాత సిమ్‌కే వెళ్లాయి. వేరే పని మీద ఫోన్ చేస్తే బకాయి సంగతి బయటపడింది. డబ్బు కట్టి, రసీదు చేతికొచ్చేదాకా ఆ కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు.