కండోమ్ చిరిగినా, మాత్ర పనిచేయకపోయినా: కంపెనీ మీద కేసు నిలవాలంటే

గర్భం వచ్చిందంటే కంపెనీదే తప్పు అనే ఒక్క మాట పట్టుకొని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే కేసు నిలవదు. కండోమ్‌ను పద్ధతిగా వాడినా ఏడాదిలో నూరు జంటల్లో ఇద్దరికి గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులోనైతే దాదాపు 13 మందికి వస్తుంది. కంపెనీ లాయరు మొదట పెట్టేది ఈ లెక్కే. 2000లో బ్రిటన్ హైకోర్టులో కండోమ్ చిరిగిన ఒక కేసు ఇలాగే పోయింది. చిరగడమే లోపానికి రుజువు కాదన్నది కోర్టు. వెంటనే అత్యవసర మాత్ర వేసుకోలేదన్న మాటా కేసు వేసిన మహిళకు ఎదురు తిరిగింది.

మన దగ్గర ఆధారం వినియోగదారుల రక్షణ చట్టం 2019. దాని 84వ సెక్షన్ ప్రకారం తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, స్పెసిఫికేషన్ తప్పడం, ఇచ్చిన హామీ నిలబెట్టుకోకపోవడం, వాడే విధానమూ హెచ్చరికలూ సరిగా రాయకపోవడం, వీటిలో ఒక్కటి చూపించినా తయారీదారు బాధ్యుడే. కంపెనీ అజాగ్రత్తగా ఉందని మీరు రుజువు చేయనక్కర్లేదు. సరుకులో లోపం మాత్రం చూపించాలి.

కండోమ్ చిరిగిందని తెలిసిన వెంటనే, 72 గంటల లోపే, 1.5 మి.గ్రా. లెవోనార్‌జెస్ట్రెల్ అనే అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. 5 రోజుల్లోపు కాపర్-టి వేయించుకోవడం ఇంకా గట్టి దారి. ఆ బిల్లు, ఓపీ చీటీ దాచండి. నష్టం పెరగకుండా మీ వంతు మీరు చేశారని చెప్పేవి అవే.

తర్వాత సరుకు సంగతి. అన్నిటికన్నా విలువైంది అదే ప్యాకెట్టులో మిగిలిపోయిన, విప్పని కండోమ్. దాన్ని షాపుకు తిరిగి ఇవ్వొద్దు, విప్పి చూడొద్దు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ కనిపించేలా ఫోటోలు తీసి, డబ్బాతో సహా కవరులో పెట్టి అతికించి, అతుకు మీద తేదీ వేసి సంతకం చేయండి. చిరిగినదాన్ని కడగకుండా ఆరనిచ్చి వేరే కాగితం కవరులో పెట్టండి. రెండు కవర్లూ ఎండ తగలని చల్లటి చోట ఉండాలి. ఎండాకాలంలో నల్లగొండ, మిర్యాలగూడల్లో 43, 44 డిగ్రీలు మామూలే. రేకుల షెడ్డులోనో, బండి డిక్కీలోనో, నెలల తరబడి పర్సులోనో ఉన్న లేటెక్స్ పెళుసుబారుతుంది. అప్పుడు కంపెనీ నిల్వ మీదికి తోసేస్తుంది.

రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రల విషయంలో లోపం కొన్నిసార్లు కంటికే కనబడుతుంది. 28 మాత్రల షీటులో సాధారణంగా 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. 2012లో అమెరికాలో ఒక కంపెనీ మాత్రల లెక్కా వరుసా తప్పాయని దాదాపు 10 లక్షల ప్యాకెట్లు వెనక్కి పిలిపించింది. మీ షీటులోనూ వరుస చూడండి.

బిల్లు లేకపోతే సగం కేసు పోయినట్టే. దేవరకొండలోనైనా అచ్చంపేటలోనైనా సిగ్గుపడి బిల్లు అడగనివాళ్లే ఎక్కువ. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ డబ్బులు కట్టారని చెబుతుంది గానీ ఏం కొన్నారో చెప్పదు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. తయారీదారు ఎవరో తెలియని సరుకైతే 86వ సెక్షన్ కింద అమ్మినవాడే బాధ్యుడు.

స్కానింగ్ తేదీ దగ్గర చాలామంది దెబ్బతింటారు. స్కాన్‌లో చెప్పే వారాలు చివరి నెలసరి నుంచి లెక్క. జూన్ 20న 8 వారాలు అని వస్తే చివరి నెలసరి ఏప్రిల్ 25, గర్భం నిలిచింది సుమారు మే 9. బిల్లు మే 20దైతే ఆ ప్యాకెట్టుకూ ఈ గర్భానికీ సంబంధం లేనట్టే. 12 వారాల లోపు స్కాన్ తీయిస్తే తేదీ ఎక్కువ కచ్చితంగా తేలుతుంది.

గర్భం వద్దనుకుంటే, గర్భనిరోధక సాధనం విఫలమైందన్న కారణం మీద 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో తీయించుకోవచ్చు. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ తర్వాత పెళ్లి కానివారికీ ఇది వర్తిస్తుంది.

లీగల్ నోటీసు కంపెనీకి, షాపుకు స్పీడ్ పోస్టులో పంపి 15 రోజులు గడువివ్వండి. నోటీసు తప్పనిసరి కాదు, కానీ కంపెనీ ఇచ్చే జవాబు తర్వాత పనికొస్తుంది. శరీరానికి జరిగిన హాని ముందు రాయండి: రక్తహీనత, ఆపరేషన్, ఆసుపత్రిలో ఉన్న రోజులు. చట్టంలో మనోవేదన శారీరక హానిని అంటిపెట్టుకొని వస్తేనే లెక్కలోకి వస్తుంది. ఉత్త మనోవేదన అని రాస్తే కంపెనీకి సందు దొరుకుతుంది.

ఫిర్యాదు మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో జిల్లా కమిషన్లున్నాయి, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది, సందేహాలకు 1915 నంబరుకు ఫోన్ చేయండి. ఫీజు మీరు కట్టిన ధర మీదే లెక్క. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, పరిహారం ఎంత అడిగినా సరే. గడువు 2 ఏళ్లు. పేరు బయటికి రాకూడదనుకుంటే ఫిర్యాదుతోపాటే ఆ మేరకు వేరే అర్జీ పెట్టండి.

ల్యాబ్ పరీక్ష కోరుతూ అర్జీ పెట్టడం మర్చిపోవద్దు. 38వ సెక్షన్ కింద కమిషన్ శాంపిల్‌కు సీలు వేసి పంపుతుంది, రిపోర్టుకు 45 రోజులు. ల్యాబ్ ఫీజు మిమ్మల్నే ముందు కట్టమనొచ్చు. ఒకటి రెండు కండోమ్‌లతో బ్యాచ్ మొత్తం సంగతి తేలదు కాబట్టి కంపెనీ ఆ బ్యాచ్ పరీక్ష రికార్డులు తెచ్చేలా ఆదేశించమని అదే అర్జీలో అడగండి. చాలా ఫిర్యాదుల్లో ఈ ఒక్క వాక్యమే ఉండదు.

కంపెనీ ఆశ్రయం 87వ సెక్షన్: తప్పుగా వాడారనడం. కొబ్బరినూనె, వాజిలిన్ రాసినా, పంటితో చింపినా, రెండు కలిపి తొడిగినా ఆ వాదన గెలుస్తుంది. మాత్రలైతే మరిచిన రోజులు, వాంతులు, టీబీకి వాడే రిఫాంపిసిన్ అడుగుతారు. ముందే నిజం రాయండి, అవతలి లాయరు ప్రశ్నించే క్రాస్‌లో బయటపడితే మిగతాదీ నమ్మరు.

ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చిన నిరోధ్‌కు ఈ దారి కష్టం, డబ్బు పెట్టి కొన్నవారే చట్టం దృష్టిలో వినియోగదారు. కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ విఫలమైతే దారి పూర్తిగా వేరు. 2005లో సుప్రీంకోర్టు ఆపరేషన్ విఫలమైనంత మాత్రాన డాక్టరు తప్పు కాదన్నది. కానీ ప్రభుత్వ పరిహార పథకం ఉంది, గర్భం తెలిసిన 90 రోజుల్లో ఆపరేషన్ సర్టిఫికెట్‌తో జిల్లా వైద్యాధికారి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి.