ఏజీ ఆడిట్ మెమోకు జవాబు ఎలా రాయాలి

ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆడిట్ పార్టీ వస్తోందని ఉత్తరం అందగానే చాలా ప్రభుత్వ ఆఫీసుల్లో గెస్ట్‌హౌస్, కారు సంగతే ముందు చూస్తారు. ముందు తీయాల్సింది క్యాష్ బుక్. ప్రతి పద్దు పక్కన డీడీవో (బిల్లులు డ్రా చేసి చెల్లించే అధికారి) సంతకం, నెలాఖరున నగదు లెక్కపెట్టినట్టు తేదీతో సర్టిఫికెట్ ఉన్నాయో లేదో చూసుకోండి. లేవని పన్నెండు నెలలవీ ఒక్కరోజే రాసేయకండి. ఒకే పెన్ను, ఒకే చేతిరాత సీనియర్ ఆడిట్ ఆఫీసరు కంట పడక మానవు. స్కీమ్ ఖాతాల్లో బ్యాంకు వేసిన వడ్డీని క్యాష్ బుక్‌లోకి ఎక్కించకపోవడం మరో మామూలు లోపం.

వచ్చేవాళ్లు కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) కింద పనిచేసే అధికారులు. 1971 నాటి కాగ్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం లెక్కలు, ఫైళ్లు తెప్పించుకుని చూడొచ్చు, ప్రశ్నలు వేయొచ్చు. శిక్షించే పని మాత్రం మీ శాఖదే. అడిగిన రికార్డు ఇవ్వకపోతే అదే ఒక పేరా (రిపోర్టులో రాసే ఆక్షేపణ) అవుతుంది. ఇచ్చిన ప్రతి ఫైలూ జాబితాలో రాసి సంతకం తీసుకోండి.

అసలు పని మెమో దగ్గరే, అంటే ఆడిట్ పార్టీ మీకు రాసిచ్చే ఆక్షేపణ దగ్గరే. రూ.50,000 అడ్వాన్సుకు వోచర్లు లేవని మెమో వచ్చిందనుకోండి. ‘వివరాలు సేకరించి పంపుతాం’ అని రాస్తే ఆక్షేపణ ఒప్పుకున్నట్టే. ఖర్చు రూ.46,200, వోచర్లు 1 నుంచి 9, మిగిలిన రూ.3,800 జమ చేసిన చలానా నంబరు, తేదీ అని రాసి, అటెస్ట్ చేసిన జిరాక్సులు జతపరచి, ఒరిజినల్స్ చూపించండి. చలానా ఆడిట్ మొదలయ్యాక కట్టినదైతే తేదీ దాచొద్దు. ఆలస్యం మాట మిగులుతుంది గానీ డబ్బు మాట పోతుంది.

పార్టీ ఉండగా తేలనివి ఇన్‌స్పెక్షన్ రిపోర్టుకెక్కుతాయి. పెద్దవి రెండో భాగం ‘ఎ’లో, మిగతావి ‘బి’లో ఉంటాయి. అక్కడికి వెళ్లాక మీ ఆఫీసుకొచ్చిన ఆఫీసరును బతిమాలి లాభం లేదు, పేరా ఎత్తేయాల్సింది ఏజీ ఆఫీసే. రిపోర్టు అందిన నాలుగు వారాల్లో, అదే వరుసలో, పేరాకో జవాబు పంపాలి. మరీ తీవ్రమైనవి డ్రాఫ్ట్ పేరాగా ప్రభుత్వ కార్యదర్శికి వెళ్తాయి. కాగ్ నివేదికలో అచ్చయి శాసనసభకు చేరితే పీఏసీ (ప్రజా పద్దుల కమిటీ) ముందు మీ శాఖ సంజాయిషీ చెప్పుకోవాలి.

బదిలీ మీద వెళ్లేటప్పుడు పెండింగ్ పేరాల పట్టిక ఛార్జి లిస్టులో రాయించి, మీరిచ్చిన జవాబుల నకళ్లు వెంట తీసుకెళ్లండి.