సెలవుల్లో సరదా ఎక్కడ చెడుతోంది? ఇంట్లోనూ, ఊరెళ్లినప్పుడూ

ఏప్రిల్ ఆఖరి వారంలో బడులు మూస్తారు, మళ్లీ జూన్ రెండో వారంలోనే తెరుస్తారు. ఈ సెలవుల్లో ఒక్క వారమైనా ఇంటిల్లిపాదీ హాయిగా గడపాలని ఎవరికి ఉండదు? అయినా మా ఇంట్లో చాలా ఏళ్లు ఆ వారం గొడవలతోనో, నీరసంతోనో ముగిసేది. డబ్బు చాలక అనుకునేదాన్ని. ఒక్కో చికాకునీ విడిగా పట్టుకుని చూశాక తెలిసింది, డబ్బుతో సంబంధం ఉన్నవి ఒకటో రెండో. మిగతావన్నీ ముందుగా మాట్లాడుకోకపోవడం వల్లో, పనంతా ఒకరి నెత్తిన పడటం వల్లో వచ్చినవే. మీ ఇంట్లో కనిపించే లక్షణం ఏదో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లి చదవండి.

పొద్దున పదింటికే "బోర్ కొడుతోంది" అంటున్నారు

కారణం: ఆటవస్తువులు లేక కాదు. బడి ఉన్న రోజుల్లో గంట కొడితే రోజు దానంతటదే ముక్కలవుతుంది. సెలవుల్లో ఆ గంట లేదు. పైగా మన ఎండలు. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని బయటికి పంపలేం, ఆ ఐదు గంటలూ నాలుగు గోడల మధ్యే గడవాలి.

పరిష్కారం: రోజును మూడు ముక్కలు చేయండి, చాలు. ఒళ్లు అలిసే ఆటలన్నీ పొద్దున ఎనిమిదిలోపు: ఏడుపెంకులాట, తొక్కుడుబిళ్ల, సైకిలు. మధ్యాహ్నం కింద కూర్చుని ఆడేవి. పొద్దుపోయాక నీళ్లు చల్లిన డాబా మీద అంత్యాక్షరి, పొడుపు కథలు. గంటలవారీ టైంటేబుల్ మాత్రం వేయకండి, మూడో రోజు నుంచి దాన్ని ఎవరూ చూడరు.

మధ్యాహ్నాలకు చీటీల డబ్బా బాగా పనిచేస్తుంది. ఆదివారం నాడు ఇంట్లో ప్రతి ఒక్కరూ ఐదేసి చీటీలు రాసి డబ్బాలో వేయాలి, తాతయ్య, నానమ్మతో సహా. రోజుకొకటి తీయాలి. షరతు ఒక్కటే: అందులో రాసింది ఇంట్లో ఉన్న వస్తువులతో, గంటలో అయిపోవాలి. "సినిమాకి వెళ్దాం" చెల్లదు. "పాత పెళ్లి ఆల్బమ్ తీసి ఎవరెవరో చెప్పుకోవడం" చెల్లుతుంది. మా అత్తయ్యగారు "వామనగుంటలు" అని రాశారు. పద్నాలుగు గుంటల పీట మా ఇంట్లో లేదు. నేల మీద సుద్దముక్కతో పద్నాలుగు సున్నాలు చుట్టి, చింతగింజలు పోసి మొదలుపెట్టాం. ఆ వేసవిలో పిల్లలు మధ్యాహ్నాలు ఆవిడ గదిలోనే గడిపారు.

ఆట మొదలైన పావుగంటకే పేచీ, ఏడుపు

దీనికి రెండు కారణాలుంటాయి, రెండింటికీ మందు వేరు.

మొదటిది, రూల్స్ ముందు చెప్పుకోకపోవడం. అష్టాచెమ్మా ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఆడతారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఇంతవరకూ పేచీ లేదు. ఎదుటివాళ్ల కాయను చంపితేనే లోపలి గడుల్లోకి వెళ్లాలా, చంపకపోయినా వెళ్లొచ్చా? అష్టా పడితే ఇంకోసారి వేయొచ్చా? వరసగా మూడుసార్లు పడితే ఏంటి? అమ్మమ్మ వాళ్లింట్లో ఒక రూలు, నానమ్మ వాళ్లింట్లో ఒక రూలు, పిల్లలు ఆ రెంటి మధ్యా. ఆట వేసే ముందే ఈ మూడు ప్రశ్నలకీ జవాబులు కాగితం మీద రాసి పక్కన పెట్టండి. రూలు మార్చాలని ఎవరికైనా అనిపిస్తే, ఆ మార్పు తర్వాతి ఆట నుంచే.

రెండోది, వయసు తేడా. పదకొండేళ్ల అన్నతో ఆరేళ్ల చెల్లి రోజూ ఓడిపోతుంటే ఏడవక ఏం చేస్తుంది? ఆ పిల్లను పెద్దవాళ్లతో కలిపి ఒక జట్టు చేయండి. గవ్వలు ఆమె వేస్తుంది, ఏ కాయ జరపాలో ఇద్దరూ మాట్లాడుకుంటారు. లేదంటే పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట ఎంచుకోండి. వైకుంఠపాళిలో పాము అందర్నీ ఒకేలా మింగుతుంది. పులి-మేకలో చిన్నవాళ్లకి మూడు పులుల్నీ ఇవ్వండి, పదిహేను మేకలూ మీరు తీసుకోండి. మేక మీదుగా దూకి చంపడం పిల్లలకు చప్పున అర్థమవుతుంది. పులిని ఎటూ కదలకుండా కట్టేయడానికి కావాల్సిన ఓపిక వాళ్లకి తర్వాత వస్తుంది.

కావాలని ఓడిపోవడం మాత్రం నాకు ఇష్టం ఉండదు. పిల్లలు ఇట్టే పసిగడతారు, ఆ తర్వాత నిజంగా గెలిచినా నమ్మరు. ఇంకో మాట, "ఇంకొక్క ఆట" అని బతిమాలుతున్నప్పుడే ఆపేయండి. అలిసిపోయాక ఆడే ఆట కచ్చితంగా గొడవతోనే ముగుస్తుంది.

అందరూ ఒకే గదిలో, ఎవరి ఫోన్ వాళ్లది

పిల్లల ఫోన్ లాక్కుంటే ఇది తీరదు. ఎందుకంటే మన చేతిలోనూ ఉంది. ఆట జరిగే ఆ గంటా ఇంట్లో ఫోన్లన్నీ, ముందు పెద్దవాళ్లవి, వంటింటి అలమారలో పెట్టండి. అత్యవసరానికి ఒకదానికి రింగ్ పెట్టి ఉంచండి.

సెలవులు అందరికీ, అమ్మకి తప్ప

లక్షణం: నవ్వులు హాల్లో వినిపిస్తుంటాయి, అమ్మ వంటింట్లో ఉంటుంది. సాయంత్రానికి ఆమె విసుక్కుంటుంది, "ఇప్పుడేమైందని?" అంటారు మిగతావాళ్లు.

ఇది నేను చాలా ఏళ్లు పడ్డాను, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. సెలవులంటే ఇంట్లో మనుషులు పెరుగుతారు, టిఫిన్లు పెరుగుతాయి, "ఇవాళ స్పెషల్ ఏంటి?" అనే ప్రశ్న పెరుగుతుంది. అందరూ సాయం చేస్తామనే అంటారు. కానీ ఏం చేయాలో చెప్పడం, గుర్తుచేయడం, చివర్లో సర్దడం ఆమె పనే. కాబట్టి సాయం అడగొద్దు, పనిని మొదలు నుంచి చివరిదాకా ఒకరికి అప్పగించండి. ఆదివారం దోసెలు నాన్నవి అంటే, శనివారం పొద్దున పప్పు నానబోయడం దగ్గర్నుంచి ఆదివారం పెనం కడగడం దాకా నాన్నవే. మరిచిపోతే ఆరోజు బ్రెడ్డు తింటారు, మధ్యలో అమ్మ కల్పించుకోకూడదు. మా ఇంట్లో మొదటి రెండు ఆదివారాలు బ్రెడ్డే తిన్నాం.

వారానికి ఒక పూట పొయ్యి వెలిగించకండి. అటుకులు-పెరుగు, ఉల్లి, టమాటా, నిమ్మరసం కలిపిన మరమరాలు, మామిడిపండ్లు, పుచ్చకాయ. కలపడం పిల్లల వంతు. కత్తి పని పెద్దవాళ్లది. కింద పాత చాప పరిస్తే తర్వాత తుడుచుకోవడం కూడా తేలికే.

ఊరెళ్దామంటే టికెట్లు ఉండవు

కారణం: తేదీ ఖాయం చేయడానికే నెలలు పట్టడం. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. అంతకుముందు 120 రోజులుండేది. మే 10న బయలుదేరాలంటే మార్చి 11 పొద్దున ఎనిమిదికి బుకింగ్ తెరుచుకుంటుంది. ఆ తేదీని క్యాలెండర్‌లో చుట్టి పెట్టుకుని, సెలవు పెట్టే సంగతి ఆఫీసులో అంతకుముందే తేల్చుకోండి. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ కూడా ముందే పూర్తి చేసుకోండి.

తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి మొదలవుతుంది. ఒక్కరైతే ప్రయత్నించొచ్చు. ముసలివాళ్లూ పిల్లలూ ఉన్న ఆరుగురి కుటుంబం దాన్ని నమ్ముకుంటే టెన్షన్ తప్పదు. ఐదేళ్లలోపు పిల్లలకి బెర్త్ అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండు లోపు వాళ్లకి బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ. రాత్రి ప్రయాణమైతే బెర్త్ తీసుకోవడమే నయం, పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నవాళ్లు మర్నాడు ఏదీ చూడలేరు.

ఘాట్ రోడ్డు ఎక్కగానే వాంతులు

కారణం: కదలిక చెవిలోపలికి తెలుస్తుంటుంది, కళ్లేమో ఫోన్ మీదో పుస్తకం మీదో ఉంటాయి. రెండూ పొంతన కుదరక కడుపు తిప్పుతుంది. నూనెలో వేగిన పూరీలు అప్పుడే తిని ఎక్కితే ఇక చెప్పక్కర్లేదు.

పరిష్కారం: గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. పిల్లల్ని ముందు వైపు కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా కొండల్ని చూడమనండి. మాత్ర కావాలంటే డాక్టర్‌ని అడిగి, వాళ్లు చెప్పినట్టు బయలుదేరే ముందే వేయాలి. మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు.

అరకుకి నేనైతే విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కమంటాను. సుమారు నాలుగు గంటలు పడుతుంది, మలుపుల బాధ తక్కువ. కొత్తవలస–కిరండూల్ లైన్ సొరంగాలకి పెట్టింది పేరు. అరకు చేరేలోపు ఎన్ని వచ్చాయో పిల్లల్ని లెక్కపెట్టమనండి, ప్రతి సొరంగానికీ కాగితం మీద ఒక గీత. పెద్దవాళ్లు విడిగా లెక్కపెట్టి చివర్లో సరిచూడాలి.

అన్నీ చూశాం, ఎవరికీ ఏదీ గుర్తులేదు

కారణం: ఒకే రోజులో ఐదు చోట్లు. పొద్దున బొర్రా గుహలు, తర్వాత కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, చాపరాయి, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. మేమూ ఒకసారి ఇలాగే తిరిగాం. ఇంటికొచ్చాక పిల్లలు చెప్పింది వ్యాన్‌లో ఏసీ పనిచేయని సంగతొక్కటే.

పరిష్కారం: రోజుకి ఒక పెద్దది, ఒక చిన్నది. మొదటి రోజు బొర్రా గుహలు పెద్దది, దారిలో ఆగి బొంగు చికెన్ తినడం చిన్నది. రెండో రోజు మ్యూజియం, ఆ తర్వాత బసలో ఊరికే కూర్చోవడం. బయలుదేరే ముందే ఇంట్లో ప్రతి ఒక్కరూ "నాకు ఇది తప్పనిసరి" అని ఒక్కటే చెప్పాలి. అవి ముందు పెట్టుకుని, మిగతావి వీలైతేనే. గుహల్లో మెట్లు చాలా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బలవంతం చేయకుండా, వాళ్లతో ఒకరు పైన ఆగితే ఇద్దరికీ కబుర్లు. చాపరాయిలో బండలు జారతాయి, నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి పని పిల్లల్ని చూడటమే, ఫొటోలు తీయడం కాదు.

కొనుక్కునే దగ్గర గొడవలైతే పిల్లలకి మొదటి రోజే తలా 200 రూపాయలు ఇచ్చేయండి. ఏం కొనాలో వాళ్లిష్టం. అయిపోతే అయిపోయినట్టే.

దారిలో తిండి పాడవుతోంది

వేసవిలో పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. మెత్తటి అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి డబ్బాలో పెట్టండి, తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది. పులిహోర పొద్దున కలిపింది మధ్యాహ్నానికి తినేయాలి, రాత్రి దాకా దాచొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు సంచిలో వేసుకుని, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి.

తిరిగొచ్చిన మర్నాడు ఇంట్లో అందరికీ చిరాకు

కారణం: ఆదివారం రాత్రి పదకొండుకి దిగి సోమవారం ఆఫీసుకి పరుగెత్తడం. ఒక రోజు ముందే వచ్చేయండి, బట్టలు ఉతుక్కోవడానికీ నిద్రకీ అది సరిపోతుంది. వచ్చిన పూట ఏం తినాలన్నది వెళ్లే ముందే తేల్చండి. నేను పులిహోర గుజ్జు చేసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తాను. తాళం తీశాక బియ్యం కడిగి కుక్కర్ పెట్టడం మా పెద్దాడి పని, ఉడికిన అన్నంలో గుజ్జు కలపడం వాళ్ల నాన్న పని.