తెలుగు కీర్తనకు గ్రెగోరియన్ స్వరం: ఉదయ, సాయంకాల ప్రార్థనలను పాడే పద్ధతి

హైదరాబాదు, సికింద్రాబాదు కథోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఆదివారం దివ్యపూజకు కీబోర్డు, తబలా, మైకులతో పాడే గాయక బృందాలను చూస్తూనే ఉంటాము. అదే దేవాలయంలో ఉదయ ప్రార్థనను, సాయంకాల ప్రార్థనను విశ్వాసులందరూ కలిసి పాడుకోవడం మాత్రం అరుదు. గురువులు, కన్యస్త్రీలు తమ మఠాల్లో పుస్తకం చూసి చదువుకునే ప్రార్థనగానే చాలామంది దానిని ఎరుగుదురు. అయితే ఆ ప్రార్థన అంతా కీర్తనల గ్రంథము మీద నిలిచి ఉన్నది, కీర్తనలేమో పాడడానికే పుట్టినవి. ఐదారుగురు మనుషులు, ఒక శ్రుతిపెట్టె, ఒకే ఒక్క స్వరక్రమం ఉంటే చాలు, వాటిని గ్రెగోరియన్ పద్ధతిలో మన తెలుగులోనే పాడవచ్చును.

ముందుగా ఈ గానం ఎటువంటిదో తెలుసుకోవాలి. క్రీ.శ. 590 నుండి 604 వరకు పోపుగా ఉన్న మొదటి గ్రెగోరీ పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చింది. ఇందులో అందరూ ఒకే వరుసను పాడతారు, తాళం ఉండదు, వాద్యం తప్పనిసరి కాదు, కీర్తనలను పాడేటప్పుడు మాట ఎంతసేపు సాగితే స్వరం అంతసేపే సాగుతుంది. మనవారికి ఇది కొత్త అనిపించనవసరం లేదు. రంగస్థలం మీద పద్యాన్ని తాళం లేకుండా, మాట విరుపును బట్టి రాగయుక్తంగా చదవడం మన చెవులకు అలవాటైన విషయమే. గ్రెగోరియన్ పద్ధతిలో కీర్తన పాడడం అందులోని ఆలాపనలను, గమకాలను తీసివేసిన పద్యపఠనం వంటిది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటలకు పైన రాగం, తాళం రాసి ఉంటాయి. ఇక్కడ ఆ రెండవదానిని పూర్తిగా మరచిపోవాలి. మేము మొదటిసారి ప్రయత్నించినప్పుడు చేసిన పొరపాటు సరిగ్గా ఇదే: అలవాటు కొద్దీ కీబోర్డులో ఒక తాళం నడిపించాము, మూడవ వచనానికే మాటలు ముక్కలైపోయాయి. ఆ రోజు నుండి తబలాను, కీబోర్డులోని తాళాలను ఈ ప్రార్థనకు దూరంగా ఉంచాము.

ఈ గానం లాటినుకే పరిమితమా అని అడిగేవారు ఉంటారు. 1903 నవంబరు 22న పదవ భక్తినాథ పోపు, అంటే పదవ పయస్, దేవాలయ సంగీతం మీద ఇచ్చిన ఆదేశంలో గ్రెగోరియన్ గానాన్ని ఆరాధనకు ఆదర్శంగా నిలిపారు. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధన శాసనం ఒకవైపు ఈ గానానికి అగ్రస్థానం ఇస్తూనే, మరొకవైపు ప్రజల భాషకు తలుపు తెరిచింది. ఆ రెండు మాటలను కలిపి పాటించదలిస్తే తెలుగు మాటకు ఈ స్వరాన్ని తొడగడమే దారి అని నా నమ్మకం.

ఉదయ ప్రార్థన క్రమం ఇది: ఆరంభ ప్రార్థన, ఒక గీతం, ఒక ఉదయకీర్తన, పాత నిబంధన నుండి ఒక గీతం, ఒక స్తుతికీర్తన, చిన్న పఠనం, ప్రతివచనం, లూకా సువార్త మొదటి అధ్యాయంలోని జెకర్యా గీతం, విన్నపాలు, పరలోక ప్రార్థన, ముగింపు ప్రార్థన. సాయంకాలం రెండు కీర్తనలు, క్రొత్త నిబంధన నుండి ఒక గీతం ఉంటాయి. జెకర్యా గీతం స్థానంలో అదే అధ్యాయంలోని మరియమాత స్తోత్రం వస్తుంది. మిగిలినదంతా దాదాపు ఒకటే. కీర్తనలు నాలుగు వారాల చక్రంలో తిరుగుతాయి. ప్రతి కీర్తనకు ముందూ వెనుకా ఒక చిన్న పల్లవి వాక్యం పాడతారు.

ఉద్యోగాల వేళలు, రోడ్ల మీద రద్దీ తెలిసిన ఊరు గనుక ఒక సలహా ఇస్తాను: రోజూ చేయాలని మొదలుపెట్టవద్దు. ఆరాధన లెక్కలో ఆదివారం శనివారం సాయంకాలమే ఆరంభమవుతుంది. కాబట్టి శనివారం సాయంకాల ప్రార్థన ఒకటి, ఆదివారం మొదటి పూజకు ముందు ఉదయ ప్రార్థన ఒకటి, ఈ రెండింటితో ఆరు నెలలు గడపండి. మొదటి వారం శనివారం సాయంకాలానికి 141వ కీర్తన, ఆదివారం ఉదయానికి 63వ కీర్తన వస్తాయి; రెండూ నేర్చుకోవడానికి చక్కగా ఒదుగుతాయి.

ఇక స్వరం విషయం. కీర్తనలను పాడడానికి ఎనిమిది స్వరక్రమాలు ఉన్నాయి. గాయక బృందాలవారు వీటిని సామ్ టోన్లు అంటారు. ప్రతి క్రమంలోనూ ఆరంభం, పఠన స్వరం (వచనంలో ఎక్కువ మాటలు పలికే స్వరం), వచనం మధ్యలో ఒక విరుపు, మళ్లీ పఠన స్వరం, చివర ఒక ముగింపు ఉంటాయి. ఎనిమిదవ క్రమంతో మొదలుపెట్టండి. పఠన స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే ఆరంభం మంద్ర పంచమం, మంద్ర ధైవతం, షడ్జమం. మధ్య విరుపులో ఒక్కసారి రిషభానికి ఎక్కి షడ్జమానికి దిగాలి. ముగింపు నిషాదం, షడ్జమం, ధైవతం, పంచమం. రిషభం తప్ప ఇవన్నీ షడ్జమానికి కింది స్వరాలే. శంకరాభరణం స్వరస్థానాలు తెలిసినవారికి పది నిమిషాల్లో పట్టుబడుతుంది. గమకం మాత్రం వద్దు. స్వరం నిలకడగా, తిన్నగా ఉండాలి.

అసలు కష్టం తెలుగు మాట దగ్గర వస్తుంది. ఈ క్రమాలు లాటిను కోసం పుట్టినవి. లాటినులో ప్రతి మాటకూ ఊనిక పడే అక్షరం ఒకటి ఉంటుంది. విరుపులోని ఎత్తు స్వరం దాని మీద పడుతుంది. తెలుగులో అటువంటి ఊనిక లేదు, మనకు ఉన్నది గురులఘువుల తేడా. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, చివరి అక్షరం చాలాసార్లు హ్రస్వం. లాటిను లెక్కను గుడ్డిగా పాటించి చివరి నుండి రెండవ అక్షరాన్ని ఎత్తితే, ‘కాపరి’లోని ‘ప’ను సాగదీయవలసి వస్తుంది, అది తెలుగు చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. అందుచేత మేము ఈ నియమం పెట్టుకున్నాము. విరుపుకు ముందున్న ఆఖరి మాటలో చివరి గురువు మీద ఎత్తు స్వరం పడాలి. మాట చివరి అక్షరానికి మాత్రం ఎత్తు స్వరం ఎప్పుడూ ఇవ్వకూడదు. అదే గురువైతే దాని ముందు అక్షరానికి ఇవ్వాలి. మాటంతా లఘువులే అయి నాలుగు అక్షరాలకు మించకపోతే మొదటి అక్షరానికి, అంతకన్నా పొడవైతే చివరి నుండి మూడవ అక్షరానికి ఇవ్వాలి.

అందరికీ కంఠస్థమైన 23వ కీర్తన మొదటి వచనాన్ని పాత అనువాదంలో తీసుకొని చూద్దాము. కథోలిక ఆరాధనలో ‘యెహోవా’ అనే నామాన్ని ఉచ్చరించక ‘ప్రభువు’ అనవలెనని 2008లో రోము నుండి ఆదేశం వచ్చింది గనుక ఇది సాధన కోసం మాత్రమే. ప్రతి అక్షరం పక్కన బ్రాకెట్టులో దాని స్వరం ఉంది, నక్షత్రం మధ్య విరుపుకు గుర్తు.

యె (ప) హో (ద) వా (స) నా (స) కా (రి) ప (స) రి (స) *
నా (స) కు (స) లే (ని) మి (స) క (ద) లు (ప) గ (ప) దు (ప)

మొదటి సగంలో ‘కా’ దీర్ఘం, రిషభం దాని మీద కూర్చుంది. రెండవ సగంలో ఎత్తు స్వరానికి బదులు ముగింపులోని ధైవతానికి ఇదే నియమం: ‘కలుగదు’ అంతా లఘువులే, కాబట్టి ధైవతం ‘క’ మీద పడింది. ‘లుగదు’ పంచమం మీద తేలికగా జారిపోతుంది. 63వ కీర్తన ఆరంభంలోని ‘దేవా, నా దేవుడవు నీవే’ అనే భాగంలో చివరి ‘వే’ గురువే అయినా రిషభాన్ని ‘నీ’కి ఇచ్చి ‘వే’ను షడ్జమం మీద దించాలి.

141వ కీర్తన రెండవ వచనం పొడవైనది: ‘నా ప్రార్థన ధూపమువలెను నేను చేతులెత్తుట సాయంకాల నైవేద్యమువలెను నీ దృష్టికి అంగీకారములగును గాక.’ ఇంత పొడవైన వచనానికి మొదటి సగంలో మరొక చిన్న విరుపు ఇస్తారు. పుస్తకాల్లో దానిని బాకు గుర్తుతోనూ, మధ్య విరుపును నక్షత్రం గుర్తుతోనూ చూపుతారు. ‘ధూపమువలెను’ దగ్గర షడ్జమం నుండి మంద్ర ధైవతానికి దిగి, మళ్లీ షడ్జమం అందుకోవాలి. ఇక్కడ నియమాన్ని కొంచెం సడలించాలి: ‘వలెను’ను వేరే మాటగా భావించి ‘వ’ను షడ్జమం మీద నిలిపి, ‘లెను’ను దించాలి. ‘నైవేద్యమువలెను’ దగ్గర అదే ‘వ’కు రిషభం ఇవ్వాలి. ముగింపులో ‘అంగీకారముల’ వరకు షడ్జమం, ‘గు’కు నిషాదం, ‘ను’కు షడ్జమం, ‘గా’కు ధైవతం, ‘క’కు పంచమం. గ్రాంథిక తెలుగులోని ఈ ‘గాక’ గ్రెగోరియన్ ముగింపు కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ప్రతి వచనానికీ ఇలా పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్న తరువాతే సాధనకు కూర్చోండి. పాడుతూ నిర్ణయించుకుందామనుకుంటే ఐదుగురు ఐదు చోట్ల దిగుతారు.

పాడే తీరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. బృందం రెండు వైపులుగా ఎదురెదురుగా నిలబడి, వచనం తరువాత వచనం మార్చి మార్చి పాడాలి. నక్షత్రం దగ్గర ఒక నిండు శ్వాస తీసుకునేంత నిశ్శబ్దం ఉండాలి. వచనం చివర మాత్రం ఆగకుండా అవతలి వైపువారు అందుకోవాలి. కొత్తవారు దీనికి తలకిందులుగా చేస్తారు, ఆ అలవాటు మానడానికి ఒక నెల పడుతుంది. ఆ మధ్య నిశ్శబ్దంలోనే ప్రార్థన లోపలికి దిగుతుందని నా అనుభవం. వేగం ఎవరైనా శ్రద్ధగా బైబిలు చదివే వేగమే. శ్రుతిపెట్టెలో సాయంకాలం ఆరు శ్రుతి, ఉదయం దానికన్నా తక్కువగా ఐదు శ్రుతి పెట్టుకోవడం మంచిది. తెల్లవారుజామున గొంతు ఇంకా తెరుచుకోదు. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్స్ కెథడ్రల్, సికింద్రాబాదులోని సెయింట్ మేరీస్ బసిలికా వంటి ఎత్తైన కప్పుల దేవాలయాల్లో మైకు అక్కరలేదు, కట్టడమే గొంతును మోస్తుంది. అయితే ఫ్యాన్లు ఆపాలి. వేసవిలో అది కష్టమే, కానీ ఇరవై నిమిషాలకు భరించవచ్చు. కాంక్రీటు కప్పు తక్కువ ఎత్తులో ఉన్న కొత్త గుడులలో పీఠానికి దగ్గరగా, గోడను వెనుక పెట్టుకొని నిలబడండి.

జెకర్యా గీతానికి, మరియమాత స్తోత్రానికి ప్రత్యేక గౌరవం ఉంది. మామూలు కీర్తనల్లో ఆరంభ స్వరాలు మొదటి వచనానికే. ఈ రెండింటిలో ప్రతి వచనానికీ పాడాలి. అందరూ నిలబడతారు, పండుగ రోజుల్లో పీఠానికి సాంబ్రాణి ధూపం వేస్తారు. ధూపం పూర్తయ్యేలోగా స్తోత్రం అయిపోతే పాట తొందరపడిందని అర్థం.

నాలుగు గొంతుల గానం కోరుకునేవారు ఇక్కడే దానికి చోటు ఇవ్వాలి. స్తోత్రంలో బేసి వచనాలను అందరూ ఒకే వరుసలో పాడగా, సరి వచనాలను బృందం సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్‌లతో అదే పఠన పద్ధతిలో పాడడం ఐరోపా దేవాలయాల్లో పాత సంప్రదాయం. ఆంగ్లికన్ సంప్రదాయంలో కీర్తనలన్నింటినీ నాలుగు గొంతులతో పాడే ఆంగ్లికన్ చాంట్ ఉన్నది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆ వారసత్వమూ కలిసి ఉన్నది. ఆంగ్లికన్ సాయంకాల ప్రార్థనలో మరియమాత స్తోత్రంతోపాటు సిమియోను గీతం కూడా ఉంటుంది. ఆ సంఘంలో పాడే మిత్రులు ఉంటే సాధనకు పిలవండి. గొంతులను సమతూకం చేసే నేర్పు వారి దగ్గర నేర్చుకోదగినది. అయితే ఒకే వరుస నిర్దుష్టంగా కుదిరేవరకు నాలుగు వరుసల జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

లాటినును పూర్తిగా విడిచిపెట్టనవసరం లేదు. రాత్రి ప్రార్థన చివర పాడే మరియమాత పల్లవులు నాలుగు ఉన్నాయి: ఆగమనకాలం నుండి ఫిబ్రవరి 2 వరకు ‘ఆల్మా రెదెంప్తోరిస్ మాతెర్’, ఆ తరువాత పవిత్రవారం వరకు ‘ఆవే రెజీనా చేలోరుమ్’, పాస్కా (ఈస్టరు) కాలంలో ‘రెజీనా చేలి’, మిగిలిన కాలమంతా ‘సాల్వే రెజీనా’. వీటి సరళమైన వరుసలు చిన్నవి, పిల్లలు సైతం విని నేర్చుకుంటారు. సాయంకాల ప్రార్థన ముగిశాక, దీపాలు తగ్గించి, శ్రుతిపెట్టె కూడా ఆపివేసి, ఆ కాలానికి తగిన పల్లవిని ఒక్కసారి పాడి నిశ్శబ్దంగా బయటికి రండి.